కటకటాల చరిత్ర – 14: వార్డరు కుర్చీ ఎక్కడ వేయాలి?

1980 ఫిబ్రవరి 2, శనివారం. తెల్లవారడానికి ఇంకా చాలా టైముంది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రం, శాంటా ఫే ఊరి బయటున్న రాష్ట్ర కారాగారం. పడక హాల్లో తనిఖీకి వెళ్లిన వార్డర్లను ఖైదీలు ఒడిసిపట్టుకుని, తాళాలు లాక్కుని నడవాలోకి వచ్చిపడ్డారు. రాత్రిపూట మూసి ఉండాల్సిన నడవా గేటు ఆ వేళ తెరిచే ఉంది. దాన్ని దాటితే కంట్రోల్ రూమ్. జైలు మొత్తం తాళాలూ మీటలూ అక్కడే. ఆ గదికి అంతకుముందు కటకటాలుండేవి. లోపలి మనిషికి నడవా బాగా కనబడాలని వాటిని తీసేసి, కొన్ని వారాల కిందటే కొత్త అద్దం బిగించారు. పగలని అద్దం అన్నారు. ఖైదీలు మంటలార్పే సిలిండరు తెచ్చి బాదారు. పగిలింది.

అక్కణ్ణుంచి ముప్పై ఆరు గంటలు ఆ జైలు ఖైదీలదే. 33 మంది ఖైదీలు చనిపోయారు. పోలీసు తూటాకు పోయినవాడు వాళ్లలో ఒక్కడూ లేడు. పన్నెండుమంది వార్డర్లు బందీలయ్యారు. వాళ్లలో కొందరు నరకం చూశారు గాని ప్రాణాలతో బయటపడ్డారు. అన్నిటికన్నా ఘోరం జరిగింది నాలుగో సెల్ బ్లాకులో. అధికారులకు కబుర్లు చేరవేస్తున్నారని పేరు పడ్డవాళ్లను మిగతా ఖైదీల నుంచి కాపాడ్డానికి అక్కడ దాచిపెట్టారు. మరమ్మతు పనులకని తెచ్చి వదిలేసిన గ్యాస్ కటర్లు అల్లరిమూకకు దొరికాయి. వాటితో ఊచలు కోసి లోపలికి చొరబడి, లెక్క చూసుకున్నట్టు ఒక్కొక్కణ్ణీ చంపారు.

ఈ కబుర్ల సంగతి కాస్త నిలబడి చూడాలి. జైలు అధికారులకు వేగులు ఎందుకు కావలసివచ్చారు? లోపల ఏం జరుగుతోందో వాళ్లకు తెలియదు గనక. ఎందుకు తెలియదు? వాళ్లు లోపల ఉండరు గనక. ఊచల అవతలో అద్దం వెనకో ఉంటారు, గంటకో రెండు గంటలకో ఒక చుట్టు తిరిగి వెళ్తారు. మిగతా వేళంతా ఖైదీల మధ్య ఏ రాజ్యం నడుస్తుందో ఎవడో ఒకడు మోసుకొచ్చి చెబితే తప్ప తెలియదు. ఆ చెప్పినవాడి తల తెగిపడేదాకా ఆ ఏర్పాటు బాగానే ఉందనిపిస్తుంది.

పోయిన సంచికలో న్యూయార్కు రాష్ట్రంలోని ఆటికా జైలు కథ చెప్పుకున్నాం. 1971 సెప్టెంబరులో అక్కడా అంతే. నాలుగు బ్లాకుల నడవాలు కలిసే కూడలిలో ఒక ఇనుప గేటు, దానికి ఎప్పుడో పెట్టిన నాసిరకం వెల్డింగు. జనం తోసేసరికి ఊడిపోయింది, తిరుగుబాటు జైలంతా పాకింది. నాలుగు రోజుల తర్వాత రాష్ట్ర పోలీసులు కాల్పులు జరిపి జైలును తిరిగి పట్టుకునేసరికి లెక్క తేలిన శవాలు 43. ఆటికాలో వెల్డింగు, శాంటా ఫేలో అద్దం. రెండు ఘటనల మీదా నివేదికలు వచ్చాయి, రెండు లోపాలూ వాటిలో నమోదయ్యాయి. గట్టి వెల్డింగు పెట్టి, మందపాటి అద్దం వేస్తే సరిపోతుందని నమ్మేవాళ్లకు ఆ నివేదికలు చాలు. ఆ రెండిటికీ నడిమి ఏళ్లలో ఇంకో రకంగా ఆలోచించిన కొద్దిమంది కథే ఈ సంచిక.

ముందు వార్డరు బయటికి ఎలా పోయాడో గుర్తు చేసుకుందాం. 1829లో ఫిలడెల్ఫియాలో తెరిచిన చెర్రీ హిల్ కారాగారంలో నడిమి గుండ్రటి గదినుంచి ఏడు వరసలు నలువైపులా చీలేవి. నడుమ నిలబడ్డవాడికి ఏడు నడవాలూ కనబడతాయి. నడవాలే కనబడతాయి, గదుల్లో మనుషులు కాదు. 1906లో పూర్తయిన మన అండమాన్ సెల్యులర్ జైలుదీ ఆ పోలికే: నడుమ బురుజు, చుట్టూ ఏడు వరసలు. న్యూయార్కు రాష్ట్రంలోని ఆబర్న్ మరో దారి పట్టింది. గదులు ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి అంతస్తులుగా పేర్చి, ముందు సన్నటి నడవా వదిలింది. అమెరికా కౌంటీ జైళ్లు చాలావరకు ఈ నమూనానే ఎత్తుకున్నాయి. వార్డరు నడవాలో నడుస్తూ పోతుంటే, తలుపు ముందు ఉన్న రెండు మూడు క్షణాలే లోపలివాడు కనబడతాడు. వార్డరు దాటిపోయాక మళ్లీ వచ్చేదాకా ఆ గది ఎవరిది? దొమ్మీలు, దోపిడీలు, మానభంగాలు, ఉరిపోసుకోవడాలు అన్నీ ఆ వ్యవధిలోనే.

ఖాళీగా వదిలిన పెత్తనం ఖాళీగా ఉండదు. టెక్సస్‌లో దాన్ని బలిష్ఠులైన ఖైదీలకే అప్పగించారు. వాళ్లను బిల్డింగ్ టెండర్లు అనేవారు. మన దగ్గర 1894 నాటి ప్రిజన్స్ చట్టం ఖైదీలను జైలు అధికారులుగా నియమించవచ్చని నేరుగా రాసుకుంది, వాళ్లను ప్రభుత్వోద్యోగులుగా లెక్కగట్టింది కూడా. రాజమండ్రికైనా వేలూరుకైనా అదే చట్టం. అండమాన్‌లో రాజకీయ ఖైదీలను వేపుకు తిన్న పెటీ ఆఫీసర్లూ ఆ బాపతే. జీతం బత్తెం లేకుండా చౌకగా దొరికే వార్డర్లు అనుకున్నారు దొరలు. ఆ చౌకబేరం ఖరీదు ఎవరు కట్టారో ఆనాటి ఖైదీల స్వీయచరిత్రలు తిరగేస్తే తెలుస్తుంది.

గ్రెషమ్ సైక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త న్యూజెర్సీలోని ట్రెంటన్ కారాగారాన్ని పరిశీలించి 1958లో ఒక చిన్న పుస్తకం వేశాడు. సర్వాధికారం ఉన్నట్టు కనిపించే వార్డరు చేతిలో నిజానికి అధికారం చాలా తక్కువని అందులో తేల్చాడు. రోజు సాఫీగా గడవాలంటే అతను ఖైదీలతో బేరాలు కుదుర్చుకోవాల్సిందే. కొన్ని చూసీ చూడనట్టు పోవాల్సిందే. 1960ల్లో కొత్తగా కట్టిన జైళ్లు దీనికి మందు కనిపెట్టామనుకున్నాయి. పొడుగాటి నడవాలు మానేసి, మధ్యలో హాలు, చుట్టూ గదులు అమర్చాయి. బాగానే ఉంది. తీరా వార్డరును మాత్రం ఒక మూల అద్దాల గదిలో కూర్చోబెట్టి, మైకులోంచి మాట్లాడమన్నాయి. ఇప్పుడతనికి హాలంతా కనబడుతుంది. మాటలు వినపడవు, వాసన తగలదు, ఎవడి మొహం ఎందుకు మాడిందో తెలియదు. గొడవ మొదలైతే ఫోనెత్తి బలగాన్ని పిలుస్తాడు. గొడవ కాకుండా చూడ్డం ఆ గదిలోంచి అయ్యే పని కాదు.

ఆటికా నాటి రోజుల్లోనే ఫెడరల్ జైళ్ల శాఖ మూడు నగరాల్లో విచారణ ఖైదీల కోసం కొత్త భవనాలు తలపెట్టింది. శాఖ డైరెక్టరు నార్మన్ కార్ల్‌సన్. శాన్ డియాగో, షికాగో, న్యూయార్కు. మూడిటికీ వేర్వేరు వాస్తుశిల్పులు. ముగ్గురికీ ఇచ్చిన ఆదేశాలు మాత్రం ఒకటే. మనిషికో గది. యాభైకి మించని గుంపులు. గుంపు నడుమ, అడ్డేమీ లేకుండా, ఒక ఆఫీసరు. ఇంతే. ఎత్తెంత, ఆకారమేమిటి అన్నది మీ ఇష్టం అన్నారు. 1974 చివర్లో శాన్ డియాగో, 1975లో మిగతా రెండూ తెరుచుకున్నాయి. విచారణ ఖైదీ అంటే ఇంకా నేరం రుజువుకానివాడు. మన లెక్కలో రిమాండు ఖైదీ. అతన్ని కోర్టుకు హాజరుపరచడానికి పట్టి ఉంచాలి, శిక్షించడానికి కాదు. కాబట్టి కనీసం జైలే అతన్ని పాడుచేయకుండా చూద్దాం అన్నది ఆ శాఖ పెట్టుకున్న తక్కువపాటి లక్ష్యం. ఖైదీలను సంస్కరించి మహాత్ముల్ని చేస్తామన్న పెద్ద కబుర్లు అప్పటికి అమెరికాలో చెల్లని కాసులైపోయాయి.

షికాగో భవనం ఈనాటికీ నగరం నడిబొడ్డున కనిపిస్తుంది. హ్యారీ వీస్ గీసిన త్రికోణపు బురుజు. దూరాన్నుంచి చూస్తే ఆఫీసు కట్టడమే అనిపిస్తుంది. కిటికీలు నేలనుంచి కప్పుదాకా నిలువు చీలికలు, వెడల్పు ఐదంగుళాలే. ఐదంగుళాల సందులోంచి మనిషి తల దూరదు, అందుకని ఊచలతో పనిలేదు. త్రికోణం ఎందుకంటే గదులన్నీ అంచుల్లో పడి, మధ్యలో హాలు మిగులుతుంది. నడవాల కింద చోటు వృథా కాదు. ఆడుకోవడానికి స్థలం మేడమీదే. ఇన్ని తెలివితేటలకూ సరిపడా తెలివి ఖైదీలకూ ఉంటుంది. 2012 డిసెంబరులో ఇద్దరు బ్యాంకు దొంగలు గోడకు కన్నం వేసి, దుప్పట్లు ముడేసి, 17వ అంతస్తునుంచి జారి, టాక్సీ ఎక్కి వెళ్లిపోయారు. ఇద్దరూ తర్వాత దొరికారు లెండి.

న్యూయార్కు భవనం మరో కారణాన చరిత్రకెక్కింది. 449 మందికని కట్టారు. 1975 ఆగస్టులో తెరిచారు. నెలలు తిరక్కుండానే జనం పెరిగిపోయి, ఒక్కడికని కట్టిన 75 చదరపు అడుగుల గదిలో రెండు అంతస్తుల మంచం వేసి ఇద్దర్ని పడుకోబెట్టారు. నవంబరు నెలాఖరుకే ఖైదీలు కోర్టుకెక్కారు. అదే బెల్ వర్సెస్ వుల్ఫిష్ కేసు. 1979 మేలో సుప్రీం కోర్టు తీర్పు రాసిన జస్టిస్ రెంక్విస్ట్ ముందు ఆ భవనాన్ని మెచ్చుకున్నాడు: ఊచల గదుల్లేవు, చీకటి నడవాల్లేవు, ఇనుప గేట్ల దడదడల్లేవు, రోజుకు దాదాపు పదహారు గంటలు ఖైదీ హాల్లో తిరగొచ్చు. మెచ్చుకుని, ఒక్కొక్కరికి ఒక్కో గది ఇచ్చి తీరాలని రాజ్యాంగంలో ఎక్కడా లేదని తేల్చేశాడు. మంచి భవనం కట్టినందుకు శాఖకు దక్కిన బహుమానం, అందులో రెట్టింపు జనాన్ని కుక్కే అనుమతి! నన్నడిగితే ఈ పద్ధతికి మొదటి దెబ్బ పడింది ఆ రోజే.

ఇక కౌంటీల సంగతి. అమెరికాలో ఊళ్ల జైళ్లు నడిపేది షెరీఫ్‌లు. ఓట్లతో నెగ్గే పదవి. ఫెడరల్ జైళ్లకొచ్చేవాళ్లు కాస్త పెద్దమనుషుల తరహా నేరస్థులు గనక అక్కడ ఈ వేషాలు సాగాయి, మా తాగుబోతుల దగ్గర, వీధి ముఠాల దగ్గర సాగవు అని వాళ్ల వాదన. కాలిఫోర్నియాలోని కాంట్రా కోస్టా కౌంటీ షెరీఫ్ రిచర్డ్ రైనీ ఆ వాదనను పక్కన పెట్టాడు. 1981 జనవరిలో మార్టినెజ్ పట్టణంలో తెరిచిన జైలుతో, ఈ పద్ధతిని అనుసరించిన మొదటి కౌంటీ అదే అయింది. శాంటా ఫేలో అద్దం పగిలి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

అలాంటి జైల్లో ఒక విభాగాన్ని పాడ్ అంటారు. లోపలికి వెళ్లి చూద్దాం. రెండంతస్తుల గదులు చుట్టూరా, నడుమ పెద్ద హాలు. నేలమీద కార్పెట్. కదిపి వేసుకునే కుర్చీలు, బోల్టులు బిగించినవి కావు. గోడవారగా ఫోన్లు, ఒకటి కాదు, చాలినన్ని. టీవీలూ అంతే. హాల్లో ఒకవైపు మామూలు బల్ల, దాని వెనక ఒక కుర్చీ, చుట్టూ అద్దం లేదు, ఊచ లేదు. అక్కడ ఒకే ఒక వార్డరు. దాదాపు యాభైమంది ఖైదీల మధ్య ఎనిమిది గంటల డ్యూటీ. తుపాకీ ఉండదు, ఉంటే అది ఏ క్షణానైనా ఖైదీ చేతిలోకి పోవచ్చు. నడుముకు రేడియో, నొక్కితే బలగం పరిగెత్తుకొచ్చే మీట, అంతే ఆయుధం.

ఆ కుర్చీలో ఎక్కువసేపు కూర్చోవడం తప్పు. తిరగాలి. కొత్తగా వచ్చినవాడికి ఇక్కడి నియమాలు తనే కూర్చోబెట్టి చెప్పాలి. భోజనాల వేళ ఎవడి పళ్లెంలోంచి ఎవడు రొట్టె తీసుకుంటున్నాడో చూడాలి. నిన్నటిదాకా హుషారుగా ఉన్నవాడు ఇవాళ ఫోను పెట్టేసి గదిలోకి పోయి గోడవైపు తిరిగి పడుకుంటే, వెనకే వెళ్లి పలకరించాలి. కోర్టు వాయిదా ఎటు తిరిగిందో, పెళ్లాం ఏమందో తెలుసుకోవాలి. ఉరితాడు దాకా పోయే కథలు అక్కడే మొదలవుతాయి. గొంతు పెంచి మాట్లాడుకుంటున్న ఇద్దరి మధ్యకు, అది కొట్లాట కాకముందే, నడుచుకుంటూ పోయి నిలబడాలి. ఇదంతా తరగతిలో పంతులు చేసే పనే. బల్లల మధ్య తిరిగే పంతులున్న తరగతికీ, కిటికీలోంచి అప్పుడప్పుడు తొంగిచూసే హెడ్మాస్టరున్న తరగతికీ ఉండే తేడా చదువుకున్న అందరికీ తెలిసిందే.

ఒక్కడే ఎందుకు, ఇద్దర్ని వేస్తే మంచిది కదా అని అడిగినవాళ్లకు ఈ పని నేర్పేవాళ్లు చెప్పే జవాబు గడుసుది. ఇద్దరుంటే వాళ్లిద్దరూ ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకుంటారు, ఖైదీలతో మాట్లాడరు.

ఇది దయాదాక్షిణ్యాల కథ అనుకుంటే పొరపాటు. షికాగో భవనానికి మొదటి వార్డెన్‌గా పనిచేసిన రే నెల్సన్ తర్వాత ఫెడరల్ శిక్షణ సంస్థలో చేరి, దేశమంతా తిరిగి ఈ పద్ధతిని బోధించాడు. ఆ సంస్థ రాసిపెట్టిన ఎనిమిది సూత్రాల్లో మొట్టమొదటిది అదుపు. న్యాయంగా, పక్షపాతం లేకుండా నడుచుకోవడం ఎనిమిదోది. హాలు మొత్తం వార్డరుదే. ఫోన్ల దగ్గర వంతులు పెట్టేది ముఠా నాయకుడు కాదు, వార్డరు. ఎవడు ఎక్కడ కూర్చోవాలో చెప్పే పెత్తనం ఖైదీల్లో ఎవడికీ మిగలనివ్వకూడదు. మాట వినకపోతే ముందు గదిలో వేసి తలుపు మూస్తారు, మరీ శ్రుతిమించితే ఆ పాడ్ నుంచే పంపించేస్తారు. కార్పెట్లూ టీవీలూ లేని, తలుపులు మూసి ఉంచే విభాగానికి. పోగొట్టుకోవడానికి ఏదో ఒకటి ఉన్నవాడే మాట వింటాడని నెల్సన్ బృందం లెక్క. కటికనేల మీద పడేసిన మనిషి నుంచి ఇంకేం లాక్కుంటారు?

నెల్సన్ షెరీఫ్‌లను ఒప్పించింది మానవత్వం పేరు చెప్పి కాదు, మరుగుదొడ్డి ఖరీదు చెప్పి. పాత జైళ్లలో పగలగొడతారని స్టీలు కమోడ్లు పెట్టేవాళ్లు. మామూలు పింగాణీ కమోడు వాటి ధరలో చిన్న వంతుకే వస్తుంది. ఎదురుగా ఎప్పుడూ వార్డరుంటే పింగాణీ చాలు, చెక్క తలుపు చాలు, బజార్లో దొరికే కుర్చీ చాలు. పగులుతుందని ముందే తీర్మానించి కట్టిన వస్తువు నువ్వు నన్ను పగలగొట్టేవాడివే అని ఖైదీకి చెప్పకనే చెబుతుంది అని వాదించినవాడు బ్రూక్లిన్‌లో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ వీనర్. అతను షికాగో, న్యూయార్కు భవనాలను మొదటినుంచీ పరిశీలించాడు. ఆరిజోనాలోని పీమా కౌంటీ 1984లో కొత్త జైలుకు మారాక వచ్చిన లెక్కలు వాళ్లకు మంచి ప్రచార సామగ్రి అయ్యాయి. పాత జైల్లో ఏడాదికి 150 పరుపులు చింపేవారు, కొత్తదాంట్లో రెండేళ్లలో ఒక్కటీ చిరగలేదు. వారానికి రెండు టీవీలు బాగుచేయించాల్సి వచ్చేది, ఇప్పుడు రెండేళ్లకు రెండు.

ఇంత జరిగినా, మొదట ఎదురు తిరిగింది వార్డర్లే. వాళ్లను తప్పుపట్టలేం. ఇరవయ్యేళ్లు ఊచల ఇవతలనుంచి పనిచేసినవాణ్ణి ఇవాళ ఒంటరిగా యాభైమంది మధ్యకు పొమ్మంటే గుండె జారుతుంది. జైలా, హోటలా అని పన్నులు కట్టే జనం సణిగారు. లోపలికి వెళ్లి కొన్నాళ్లు పనిచేసినవాళ్లలో చాలామంది మనసు మార్చుకున్నారని పరిశీలకులు రాశారు. రోజంతా తాళాలు తిప్పడమే పనిగా బతికినవాడికి ఇప్పుడు తన తెలివి వాడుకునే ఉద్యోగం దొరికింది మరి.

పేరుమోసిన టూంబ్స్ జైలు కూడా మారింది. న్యూయార్కు నగరపు ఈ పాత జైల్లో 1970లో ఖైదీలు తిరగబడ్డారు. అక్కడి పరిస్థితులు రాజ్యాంగ విరుద్ధమని జడ్జి మోరిస్ లాస్కర్ తేల్చడంతో 1974లో నగరం దాన్ని మూసేసింది. 1983లో కొత్త పద్ధతికి అనుగుణంగా తిరగదీసి మళ్లీ తెరిచారు. ఆ దశాబ్దం గడిచేసరికి అమెరికా నలుమూలలా కౌంటీలు ఇదే నమూనాలో కట్టుకున్నాయి.

నమూనాలో కట్టారు, అంతవరకే. 2006లో క్రిస్టీన్ టార్టారో అనే పరిశోధకురాలు ఈ పద్ధతి పాటిస్తున్నామని చెప్పుకున్న జైళ్ల తీరు పరిశీలించి, సూత్రాలన్నీ పాటిస్తున్నవి తక్కువేనని తేల్చింది. ఒకచోట వార్డరును హాల్లో వేశారు గాని కుర్చీలు నేలకు బిగించారు. ఇంకోచోట మెత్తటి సామాను ఖర్చు దండగన్నారు. శిక్షణకు డబ్బు లేదన్నారు. వుల్ఫిష్ తీర్పు పుణ్యమా అని యాభైమంది పాడ్‌లో తొంభైమందిని నింపినా అడిగేవాడు లేడు. తొంభైమంది పేర్లు, మొహాలు, వాయిదాలు ఒక్కడు గుర్తుపెట్టుకోలేడు. గుర్తుపెట్టుకోలేనివాడు మెల్లగా బల్ల వెనక్కి చేరతాడు, కంప్యూటరు ముందు కూర్చుంటాడు. బల్లకు అద్దం లేకపోయినా ఉన్నట్టే.

న్యూయార్కు ఫెడరల్ జైలు సంగతి చెప్పి ముగిస్తాను. 2019 ఆగస్టు 10 ఉదయం అందులో, లైంగిక నేరాల అభియోగాలపై విచారణ ఖైదీగా ఉన్న జెఫ్రీ ఎప్‌స్టీన్ తన గదిలో ప్రాణాలు లేకుండా కనిపించాడు. అతన్ని ఉంచింది హాలున్న మామూలు విభాగంలో కాదు, తలుపులు మూసి ఉంచే ప్రత్యేక విభాగంలో. అంటే అదే భవనంలో మిగిలిన పాతకాలపు పద్ధతి. అరగంటకోసారి వెళ్లి చూడాల్సిన ఇద్దరు ఉద్యోగులు అతని గదికి పదిహేను అడుగుల దూరంలో బల్ల దగ్గరే ఉన్నారు. కాసేపు ఇంటర్నెట్ చూశారు, సుమారు రెండు గంటలు నిద్రపోయారని అభియోగపత్రం చెప్పింది. చూడకుండానే చూసినట్టు రిజిస్టర్లో సంతకాలు పెట్టామని తర్వాత ఒప్పుకున్నారు. ఇద్దరూ ఆ రాత్రి ఓవర్‌టైమ్ మీద ఉన్నవాళ్లే, సిబ్బంది చాలక. 2021లో ఆ భవనాన్ని ఖాళీ చేయించి తలుపులు మూశారు.

వచ్చే సంచికలో టెక్సస్ బిల్డింగ్ టెండర్లు: ఖైదీలను ఖైదీలే ఏలిన జైళ్లు, ఆ ఏలుబడిని ఒక ఖైదీ చేత్తో రాసి పంపిన పిటిషను కూలదోసిన తీరు.